పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో గ్రాఫిక్స్ తప్పులు: రీ-రిలీజ్‌లో దిద్దాలా, అలాగే వదిలెయ్యాలా?

తోకచుక్క

చిన్నప్పుడు మా ఇంట్లో 'స్టార్ వార్స్' విహెచ్ఎస్ టేపు ఒకటి ఉండేది. అరిగిపోయేదాకా చూశాను. అందులో శత్రువుల టై ఫైటర్లు నల్లటి ఆకాశంలో దూసుకొస్తుంటే, ఒక్కోదాని చుట్టూ లేత బూడిదరంగు చతురస్రం కనిపించేది. ఓడ ఎటు తిరిగితే అదీ అటే తిరిగేది. అది ఓడకి ఉన్న రక్షణ కవచం అనుకునేవాణ్ణి. మా తమ్ముడికీ అలాగే చెప్పాను. వాడు ఇంకో అడుగు ముందుకేసి, కవచం బాగా కనపడుతోందంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు అని లెక్క తేల్చాడు.

మొన్న అదే సినిమా కొత్త కాపీ చూశాను. చతురస్రాలు లేవు. ఆకాశం కడిగిన పలకలా ఉంది. బాగుంది, కాదనను. కానీ ఏదో పోయినట్టే అనిపించింది. తప్పని తెలిసినా సరే, పాత సినిమాల్లో ఇలాంటివి దిద్దడం మీకు ఇష్టమేనా?

వెయ్యికళ్ళు

ఇది నా సబ్జెక్టు. తప్పులు ఏరడం కోసమే సినిమా రెండోసారి చూసే మనిషిని నేను.

'2001: ఎ స్పేస్ ఒడిసీ'లో డాక్టర్ ఫ్లాయిడ్ అంతరిక్షంలో స్ట్రాతో ఆహారం పీలుస్తాడు. నోరు తియ్యగానే స్ట్రాలో ఉన్నది కిందకి జారిపోతుంది. బరువే లేని చోట 'కింద' ఎక్కడిది? చంద్రుడి మీద ఓడ దిగేటప్పుడు దుమ్ము పొగలా సుడులు తిరుగుతుంది. గాలి లేనిచోట దుమ్ము అలా తేలదు, రాయి విసిరినట్టు వెళ్ళి పడిపోవాలి. 'జురాసిక్ పార్క్' వంటగది సీనులో గుమ్మం దగ్గర నిలబడ్డ రాప్టర్‌ని వెనక నుంచి ఒక మనిషి చెయ్యి పట్టుకుని సర్దుతుంది. ఒక్క క్షణమే. ఒకసారి చూశారంటే మళ్ళీ చూడకుండా ఉండలేరు.

ఇక 'స్టార్ వార్స్'లో తలుపు కింద తల కొట్టుకునే శత్రు సైనికుడు, అదే స్టార్మ్‌ట్రూపర్ సంగతి అందరికీ తెలిసిందే. ఠక్కుమని చప్పుడు కూడా వినిపిస్తుంది.

శేషు_77

వెయ్యికళ్ళు గారూ, ఆ చప్పుడు 1977లో లేదండీ. తల తగలడం మాత్రమే ఉంది, అదీ వెనకాల ఒక మూలన. 2004 డివిడి చేసినప్పుడు ఆ 'ఠక్' కలిపారు. అంటే తప్పు దిద్దే అవకాశం చేతిలో ఉండి, దానికి డప్పు కొట్టి మరీ చూపించారు. వాళ్ళు చేసిన మార్పుల్లో నాకు నచ్చింది అదొక్కటే.

వెయ్యికళ్ళు

ఓహో! నా పేరు వెయ్యిచెవులు కాదు కాబట్టి క్షమించెయ్యండి.

కొత్తబిచ్చగాడు

నాదో చిన్న సందేహం. ఆ చతురస్రం అసలెందుకు వస్తుంది? ఓడ బొమ్మని కత్తిరించి ఆకాశం మీద అంటించారనుకుందాం. కత్తిరించేవాళ్ళు ఓడ అంచు వెంటే కత్తిరిస్తారు కదా, పెట్టెలా ఎందుకు కోస్తారు?

ఆప్టికల్ తాత

మంచి ప్రశ్న బాబూ. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఆ రోజుల్లో ఓడ అంటే మినియేచర్. దాన్ని స్టాండు మీద నిలబెట్టి, వెనక నీలం తెర వెలిగించి, కెమెరాని మోటార్లతో కదుపుతూ షూట్ చేసేవారు. ఓడ చిన్నది. కానీ కెమెరా కంటికి ఆ గదిలోవన్నీ పడతాయి: స్టాండు, లైట్లు, తెర అయిపోయాక కనపడే గోడ. నీలం ఉన్న మేర ఓడ అంచుని ఫిల్టర్లతో, హై కాంట్రాస్ట్ ఫిల్ముతో కచ్చితంగా వేరు చెయ్యొచ్చు. నీలం లేని మేర ఏం చెయ్యాలి? అక్కడ చేత్తో ఒక మోటు ఆకారం గీసి నల్లగా మూసేసేవారు. దాన్నే గార్బేజ్ మ్యాట్ అంటారు. పేరుకి తగ్గట్టు చెత్త కప్పే గుడ్డ అన్నమాట. నీ చతురస్రం అంచు అదే.

తరవాత ఇవన్నీ ఆప్టికల్ ప్రింటర్ మీద ఒకే ఫిల్ము మీదకి ఎక్కిస్తారు. నక్షత్రాలు ఒకసారి, ఓడ ఒకసారి, లేజర్ ఒకసారి. ఎక్కించిన ప్రతిసారీ కొంచెం గ్రెయిన్, అంటే బొమ్మ మీద ఇసక చల్లినట్టు కనపడే గరుకు, పెరుగుతుంది, కొంచెం నలుపు పలచనవుతుంది. గ్రెయిన్ బాధ తప్పించుకోడానికే 'స్టార్ వార్స్' ఎఫెక్ట్స్ చేసిన సంస్థ ఐఎల్ఎమ్ వాళ్ళు పాత విస్టావిజన్ కెమెరాలు బయటికి తీశారు. అందులో ఫిల్ము అడ్డంగా పరిగెడుతుంది, ఒక్కో ఫ్రేము మామూలు దానికి రెండింతలు. అయినా పెట్టె లోపలి నలుపు, బయటి నలుపు వందకి వంద ఒకటి కావు. వెంట్రుకవాసి తేడా ఉంటుంది.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ వెంట్రుకవాసి తేడా థియేటర్ ప్రింటులో కనపడదు. నలుపులో నలుపు కలిసిపోతుంది. అదే సినిమాని టీవీ కోసం టేపు మీదకి ఎక్కించేటప్పుడు, చీకటి సీన్లు కనపడాలని వెలుగు పెంచుతారు. నలుపు కాస్తా బూడిదరంగయిపోతుంది. దాక్కున్న పెట్టె బయటపడుతుంది.

తోకచుక్క

తాతగారూ, ఆగండాగండి. అంటే 1977లో హాల్లో కూర్చున్నవాళ్ళకి మా కవచాలు కనపడలేదా?

ఆప్టికల్ తాత

అలా ఎదురుగా కొట్టొచ్చినట్టు కనపడలేదు నాయనా. నీ కవచం నీ టేపు ఇచ్చింది. సినిమా ఇవ్వలేదు.

కొత్తబిచ్చగాడు

తోకచుక్క అన్నయ్య బాల్యం మొత్తం కంట్రాస్ట్ తప్పు అని తేలిపోయింది.

నిశిరాత్రి

తాతగారు చెప్పింది చాలా ముఖ్యం. ఈ చర్చ ఎక్కడ జరిగినా జనం అక్కడే తడబడతారు. 'తప్పు' అని మనం ఒకటే మాట వాడేస్తాం. కొన్ని తప్పులు నెగెటివ్‌లోనే ఉంటాయి, అప్పటి ప్రేక్షకులూ చూశారు. కొన్ని నెగెటివ్‌లో ఉన్నా అప్పటి ప్రింటు వాటిని దాచేసింది. మన టేపులు, డిస్కులు, 4కె స్కాన్లు బయటపెట్టాయి. ఈ రెండోరకాన్ని తీసెయ్యడం సినిమాని మార్చడం కిందకి రాదని నా ఉద్దేశం. సినిమాని మొదటిరోజు స్థితికి తెచ్చినట్టే లెక్క.

నేను కంపోజిటింగ్ పనిలోనే ఉన్నాను, అంటే వేర్వేరు బొమ్మల్ని ఒకే షాటులో కలిపే పని. ఇప్పటి స్కానర్ నెగెటివ్‌లోంచి నేరుగా లాగుతుంది. అప్పటి ప్రేక్షకుడు చూసింది నెగెటివ్ కాదు. దానికి కాపీ, ఆ కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ. ఆ మెత్తదనం అంతా లెక్కలో వేసుకునే వాళ్ళు తీగలు కట్టారు, రంగులు పూశారు.

ఆప్టికల్ తాత

తీగలంటే గుర్తొచ్చింది. 1953 నాటి 'ద వార్ ఆఫ్ ద వరల్డ్స్' చూశారా? రాగిరంగులో మెరుస్తూ, హంసమెడ లాంటి మెడతో మార్షియన్ యంత్రాలు వస్తాయి. అవి సన్నటి తీగలకి వేలాడే మినియేచర్లు. కొన్ని తీగలు మొయ్యడానికే కాదు, లోపలి దీపాలకి, మోటార్లకి కరెంటు తీసుకెళ్ళడానికి కూడా. అప్పటి టెక్నికలర్ ప్రింట్లలో రంగు అద్దినట్టు పడుతుంది, కాస్త మెత్తగా, నీడలు చిక్కగా. తీగలు అందులో మునిగిపోయేవి. తరవాత మామూలు కలర్ స్టాకు మీద వేసిన ప్రింట్లలోనూ, ఆ పైన డివిడిలోనూ అవి బట్టలారేసే తాళ్ళలా బయటపడ్డాయి. ఒక తరం మొత్తం ఆ సినిమాని 'తీగలు కనపడే సినిమా' అని వెక్కిరించింది. ఆస్కార్ తెచ్చుకున్న పనితనం అది!

2018లో కొత్తగా రిస్టోర్ చేసినప్పుడు ఆ తీగలు తీసేశారు. నాకు అందులో అన్యాయం ఏమీ కనపడలేదు. పోయిన పరువు తిరిగిచ్చారు, అంతే.

ఇంకోమాట. ఆ యంత్రాలకి మొదట విద్యుత్ మెరుపులతో మూడు కాళ్ళు పెడదామనుకున్నారు. సెట్టు అంటుకుంటుందని భయపడి వదిలేశారు. మొదటి సీనులో యంత్రాల కింద మూడు వెలుగు ధారలు లీలగా కనిపిస్తాయి చూడండి. వాటిని మాత్రం ఎవరూ చెరపలేదు.

శేషు_77

నిశిరాత్రి గారి మాట పైకి బాగానే ఉంది. కానీ గీత ఎక్కడ గీస్తారు? తీగలతోనే మొదలవుతుంది. 1997లో 'స్టార్ వార్స్' స్పెషల్ ఎడిషన్ కూడా అలాగే మొదలైంది. చతురస్రాలు తుడుస్తాం అన్నారు, సరే. గాల్లో తేలే బండి ల్యాండ్‌స్పీడర్ కింద చక్రాలు కనపడకుండా అద్దం పెట్టి, కెమెరా లెన్సు మీద వాజెలిన్ పూసి తీస్తే అక్కడ నారింజరంగు మరక మిగిలింది. అదీ తుడుస్తాం అన్నారు, సరే. 'ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'లో తెల్లటి మంచు మీద ఓడల చుట్టూ నల్లగీత రాకుండా మ్యాట్‌ని పలచన చేశారు. దాంతో స్నోస్పీడర్ కాక్‌పిట్ కమ్మీల్లోంచి వెనక మంచు కనపడేది. అదీ సరిచేశారు. ఇంతవరకూ నాకూ అభ్యంతరం లేదు.

తరవాత? మొదటి సినిమాలో హారిసన్ ఫోర్డ్ వేసిన హాన్ సోలో, తనని పట్టుకోడానికొచ్చిన గ్రీడోని కాల్చేస్తాడు. 1997లో గ్రీడో ముందు కాల్చాడు. 2004లో ఇద్దరూ దాదాపు ఒకేసారి కాల్చారు. 2019లో వాడు చచ్చేముందు ఏదో కొత్తమాట కూడా అన్నాడు. ఒక్క సీనుకి ఎన్ని జన్మలు!

జబ్బా అనే జలగలాంటి రౌడీ నాయకుడి సీను సంగతి చెప్పనే అక్కర్లేదు. 1976లో మామూలు మనిషిని నిలబెట్టి తీసి, సినిమాలో వాడకుండా పక్కన పెట్టేసిన సీను. 1997లో ఆ మనిషి మీద కంప్యూటర్ జబ్బాని అంటించారు. కానీ అప్పట్లో హారిసన్ ఫోర్డ్ ఆ మనిషి చుట్టూ తిరుగుతూ వెనక్కి కూడా వెళ్ళాడు. ఇప్పుడక్కడ జబ్బా తోక ఉంది. ఏం చెయ్యాలి? హాన్ సోలోని బొమ్మలా పట్టుకుని పైకి లేపి, తోక తొక్కినట్టు చేసి, మళ్ళీ కిందకి దించారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటే ఇదే. ఆ జబ్బా కూడా ఎంత ఘోరంగా ఉందంటే, 2004లో దాన్ని తీసి ఇంకో జబ్బాని పెట్టారు.

వెయ్యికళ్ళు

2004 కాపీలో ఇంకోటి. హాన్ ఓడ ఫాల్కన్‌లో హీరో ల్యూక్ సాధన చేస్తుంటే లైట్‌సేబర్, అదే వెలుగు కత్తి, ఆకుపచ్చగా ఉంటుంది. అది నీలం కత్తి! రంగులు సవరించేటప్పుడు జరిగిన పొరపాటు. 2011 బ్లూరేలో సరిదిద్దారు. అంటే తప్పులు దిద్దిన కాపీలో కొత్త తప్పు, దాన్ని దిద్దడానికి ఇంకో కాపీ. మా లాంటివాళ్ళకి పని ఎప్పటికీ అయిపోదు.

కొత్తబిచ్చగాడు

లైట్‌సేబర్ అంటే అడగాలనుకున్నాను. పాత కాపీలో ఓబీ-వాన్, వేడర్ పోరులో ఓబీ-వాన్ కత్తి కొనని మనవైపు తిప్పగానే వెలుగు పోయి తెల్ల కర్రలా కనిపిస్తుంది. అది కూడా టేపు తప్పేనా?

ఆప్టికల్ తాత

కాదు. అది అచ్చంగా తీసినప్పటిదే. ఆ కర్రలకి స్కాచ్‌లైట్ అంటించారు, రోడ్డు మీద హెచ్చరిక బోర్డులు రాత్రి మెరుస్తాయే, ఆ జాతి సరుకు. వెలుగు ఎటునుంచి వస్తే తిరిగి అటే పంపుతుంది. కెమెరా ముందు ఏటవాలుగా సగం అద్దం పెట్టి, కెమెరా చూపు వెంటే వెలుగు పంపితే కర్ర ధగధగలాడుతుంది. కర్ర పక్కకి ఉన్నంతసేపూ బాగుంటుంది. కొన మనవైపు తిరిగిందా, వెలుగుని తిప్పికొట్టే పక్కభాగం కెమెరాకి దొరకదు. కర్ర మిగులుతుంది. తరవాత మీద యానిమేషన్‌తో కాంతి వేశారు కానీ అన్నిచోట్లా అందలేదు.

దీనికి అన్నలాంటిది '2001'లో ఉంది. మొదట్లో కోతిమనుషుల భాగంలో చచ్చిన జీబ్రా మీద చిరుత కూర్చుని ఉంటుంది. దాని కళ్ళు దీపాల్లా వెలుగుతాయి. వెనక ఎడారి అంతా స్టిల్ ఫొటోలే. ముందువైపు నుంచి స్కాచ్‌లైట్ తెర మీద పడేలా ప్రొజెక్ట్ చేశారు. తెర ఎలా వెలుగుని వెనక్కి పంపుతుందో, చిరుత కన్ను కూడా అలాగే పంపింది. ఒకే సూత్రం. ఒకచోట తప్పయింది, ఇంకోచోట అందమయింది.

నిశిరాత్రి

ఆ చిరుత కళ్ళు ఎవరైనా సరిచేస్తామంటే ముందు అడ్డుపడేది నేనే.

శేషు_77

అదేంటండీ, ఇందాక రిస్టోరేషన్ పార్టీలో ఉన్నారుగా!

నిశిరాత్రి

అది అప్పటి తెర మీద కూడా అలాగే వెలిగింది. ప్రేక్షకులు చూశారు. నేను చెప్పిన గీతకి ఇవతలే ఉంది.

సరే, నా గీత నన్నే ఇబ్బంది పెట్టే ఉదాహరణ నేనే ఇస్తాను. 'బ్లేడ్ రన్నర్'. ఈ సినిమాకి అరడజనుకు పైగా రూపాలున్నాయి. 2007 ఫైనల్ కట్‌లో దిద్దినవి చూడండి. స్పిన్నర్ కారు గాల్లోకి లేస్తుంటే పైనుంచి లాగే క్రేను తీగలు కనపడేవి, తీసేశారు. జోరా అనే పాత్ర అద్దాలు పగలగొట్టుకుంటూ పరిగెత్తే షాట్లలో స్టంట్ డబుల్, ఆమె విగ్గు స్పష్టంగా తెలిసిపోయేవి. పాతికేళ్ళ తరవాత అసలు నటి జోఆనా కాసిడీనే పిలిపించి, ఆమె ముఖాన్ని షూట్ చేసి డబుల్ ఒంటి మీద పెట్టారు. పాములమ్మేవాడితో హీరో డెకర్డ్ మాట్లాడేచోట పెదవులకీ మాటలకీ పొంతన ఉండదు. దానికి హారిసన్ ఫోర్డ్ కొడుకు నోటిని వాడి సరిపెట్టారు. చివర్లో రాత్రంతా వాన కురుస్తుంటే విలన్ బ్యాటీ వదిలిన పావురం మాత్రం తేటగా ఉన్న పగటి ఆకాశంలోకి ఎగిరిపోయేది. ఇప్పుడు రాత్రిలోకే ఎగురుతుంది. తప్పించుకున్న రెప్లికెంట్ల, అంటే కృత్రిమ మనుషుల, లెక్క తేలేది కాదు. డైలాగులో ఒక అంకె మార్చి లెక్క కుదిర్చారు.

ఇవన్నీ 1982 ప్రేక్షకులు చూసిన తప్పులే. నా గీత ప్రకారం ముట్టుకోకూడదు. కానీ చూస్తుంటే ఏ ఒక్కటీ నన్ను కథలోంచి బయటికి లాగలేదు. దిద్దినట్టు తెలియకుండా దిద్దారు. ఎఫెక్ట్స్ నిపుణుడు ట్రంబుల్ బృందం 65 ఎం.ఎం.లో తీసిన ఎఫెక్ట్స్ నెగెటివ్‌లని 8కెలో స్కాన్ చేసి, వాటి అందం వాటికే వదిలేశారు. ఊరి మీద కొత్త కట్టడాలు మొలిపించలేదు.

తోకచుక్క

నాకు పగటి ఆకాశం పావురమే ఇష్టం. ఆ ఊళ్ళో ఒక్కసారైనా ఆకాశం కనిపించింది కదా అనిపించేది.

కొత్తబిచ్చగాడు

తోకచుక్క అన్నయ్యకి తప్పు చూపిస్తే చాలు, దాంట్లో అర్థం తియ్యగలడు.

వెయ్యికళ్ళు

నేను తప్పులు ఏరేవాణ్ణే అయినా, దిద్దడంలో తృప్తి ఒకటుంటుంది. 'ఏలియన్స్' చివర్లో బిషప్ అనే మరమనిషి సగం ఒళ్ళు తెగిపోయి నేల మీద ఉంటాడు. పాప గాలితో పాటు జారిపోతుంటే పట్టుకుంటాడు. పాత కాపీల్లో ఆ నటుడి మిగతా సగం దిగిన కన్నం నేలలో కనపడేది. 2010 బ్లూరేలో కన్నం పూడ్చేశారు. 'టెర్మినేటర్ 2'లో ట్రక్కు తరుముతుంటే మోటార్‌సైకిల్ కాలువలోకి దూకుతుంది. దాని మీదున్నది ఆర్నాల్డ్ కాదని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. 2017 త్రీడీ రిలీజ్‌లో డబుల్ ముఖం మీద ఆర్నాల్డ్ ముఖం పెట్టారు. చూసి లోపల్లోపల ఈల వేసుకున్నాను.

శేషు_77

ఈల వెయ్యండి, కాదనను. కానీ అదే 'టెర్మినేటర్ 2' 4కె డిస్కు దగ్గరగా చూశారా? గ్రెయిన్ అంతా ఊడ్చేశారు, ముఖాలు మైనపు బొమ్మల్లా ఉన్నాయి. ఒక డబుల్ ముఖం దిద్దడానికి వెళ్ళి అందరి ముఖాలూ చెరిపారు. 2024లో వచ్చిన 'ఏలియన్స్' 4కె డిస్కు మీదా అదే గొడవ. ఏఐతో పదును పెంచారు. కొన్ని షాట్లలో చర్మం ప్లాస్టిక్‌లా, జుట్టు గీసినట్టు. ఆ సినిమా తీసిన ఫిల్మే గ్రెయిన్ ఎక్కువున్న రకం. ఆ గరుకుదనం లేకుండా ఆ సొరంగాలకి భయం ఎక్కడినుంచి వస్తుంది?

బిషప్ కన్నం నేనెప్పుడూ గమనించలేదు. హీరోయిన్ రిప్లీ ముఖం మాత్రం సినిమా అంతా చూడాలి కదా.

నిశిరాత్రి

దీనికి ఒప్పుకుంటాను. నిజానికి పనిలో ఉన్న మాకు తీగ చెరపడం కంటే గ్రెయిన్ కాపాడటమే కష్టం. చెరిపినచోట పక్కనున్నలాంటి గ్రెయిన్ మళ్ళీ వెయ్యాలి, లేకపోతే అక్కడొక్కచోట నున్నగా మచ్చలా తెలిసిపోతుంది. పైగా అది ప్రతి ఫ్రేములో వేరేగా కదలాలి. సోమరితనం వచ్చినచోట మొత్తం నున్నగా చేసేస్తారు. అప్పుడు మచ్చ తెలియదు, ఎందుకంటే అంతా మచ్చే.

కొత్తబిచ్చగాడు

రీ-రిలీజ్ కోసం కలిపిన గ్రాఫిక్సే తరవాత పాతబడిపోతే?

నిశిరాత్రి

అయింది కూడా. 'స్టార్ ట్రెక్: ద మోషన్ పిక్చర్' 1979లో హడావుడిగా పూర్తిచేశారు. మొదట ఎఫెక్ట్స్ ఒప్పుకున్న సంస్థ పని సాగకపోతే ట్రంబుల్, డైక్‌స్ట్రా బృందాలు ఆఖర్లో వచ్చి నిలబెట్టాయి. దర్శకుడు రాబర్ట్ వైజ్‌కి అప్పట్లో కుదరనివి 2001లో డైరెక్టర్స్ ఎడిషన్‌గా చేయించారు. అది డివిడి కోసం. కొత్త కంప్యూటర్ షాట్లన్నీ డివిడి సైజులోనే రెండర్ చేశారు. బ్లూరే వచ్చింది, 1979 నాటి ఫిల్ము దర్జాగా హెచ్‌డీకి వెళ్ళింది, 2001లో చేసిన 'కొత్త' షాట్లు మాత్రం వెళ్ళలేకపోయాయి. 2022లో వాటిని మళ్ళీ మొదట్నుంచీ చేస్తే తప్ప 4కె రాలేదు. ఇరవై రెండేళ్ళు ముందుదైన ఫిల్ము నిలబడింది, కొత్త ఫైలు పడిపోయింది.

ఆప్టికల్ తాత

ఈ ముక్క ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోవాలి నేను.

తోకచుక్క

స్పీల్‌బర్గ్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆయన రెండువైపులా ఆడాడు. 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్'కి 1980లో స్పెషల్ ఎడిషన్ తీశాడు. తనకి కావాల్సిన మార్పులకి డబ్బిస్తాం కానీ గ్రహాంతరవాసుల పెద్ద ఓడ, మదర్‌షిప్ లోపల చూపించాలని స్టూడియో షరతు పెట్టింది. చూపించాడు. 1998 కాపీలో ఆ లోపలి సీను తీసేశాడు. లోపల ఏముందో చూపించకపోవడమే బాగుందని ఆయనకీ తెలుసు.

వెయ్యికళ్ళు

ఆ మదర్‌షిప్ అంచున ఎక్కడో 'స్టార్ వార్స్' రోబో ఆర్2-డి2 బొమ్మ తలకిందులుగా అతికించి ఉంటుంది, మినియేచర్ చేసినవాళ్ళ సరదా. అది తప్పు లెక్కలోకి వస్తుందా, సంతకం లెక్కలోకి వస్తుందా?

శేషు_77

సంతకం.

'ఇ.టి.' అయితే మరీను. 2002లో ఇరవయ్యేళ్ళ పండగ అని మళ్ళీ విడుదల చేస్తూ, పిల్లల వెంటపడే అధికారుల చేతుల్లో తుపాకులు తీసేసి వాకీటాకీలు పెట్టారు. రబ్బరు ఇ.టి. ముఖం మీద కొన్నిచోట్ల కంప్యూటర్ ముఖం. తరవాత ఆయనే తప్పు చేశానన్నాడు. 2012 బ్లూరేలో 1982 నాటి సినిమానే ఇచ్చారు. ఇది గౌరవించాల్సిన విషయం. ఎందుకంటే 'స్టార్ వార్స్' తీసిన లూకస్ అలా చెయ్యలేదు. ఇదే లూకస్ 1988లో అమెరికా కాంగ్రెస్ ముందు నిలబడి, లాభం కోసమో అధికారం చూపించుకోడానికో కళని మార్చేవాళ్ళని అనాగరికులన్నాడు. తొమ్మిదేళ్ళు తిరక్కుండా తన సినిమాతోనే మొదలెట్టాడు.

నిశిరాత్రి

ఆయన అప్పుడు మాట్లాడింది వేరేవాళ్ళు వచ్చి బ్లాక్ అండ్ వైట్ సినిమాలకి రంగులెయ్యడం గురించి. తీసినవాడు మార్చుకోవడం వేరు కదా?

శేషు_77

మార్చుకోనివ్వండి. పాతది దాచెయ్యడమే నా బాధ. 'బ్లేడ్ రన్నర్' పెట్టెలో పాత రూపాలన్నీ పక్కపక్కనే ఇచ్చారు, కావాల్సినవాళ్ళు పగటి పావురాన్ని చూసుకుంటారు. 'స్టార్ వార్స్' మొదటిరూపం 2006లో డివిడికి అదనపు డిస్కుగా ఇచ్చారు, అదీ 1993 లేజర్‌డిస్కు కోసం చేసిన మాస్టర్ నుంచే. పెద్ద టీవీలో నాలుగువైపులా నల్ల చట్రం మధ్య తపాలాబిళ్ళంత బొమ్మ. అందుకే అభిమానులు పాత 35 ఎం.ఎం. ప్రింట్లు సంపాదించి, ఫ్రేము ఫ్రేము స్కాన్ చేసి '4కె77' అని తమంతట తాము చేసుకున్నారు. గీతలు, దుమ్ము, అన్నీ ఉంటాయి. నాకు అదే ఇష్టం.

ఆప్టికల్ తాత

2025 జూన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు లండన్‌లో 1977 నాటి టెక్నికలర్ ప్రింటు వేశారు, ఏ మార్పూ లేనిది. ఆ రకం ప్రింట్లకి రంగు పోదు. అప్పటి మామూలు ప్రింట్లు ఈపాటికి గులాబీరంగుకి తిరిగిపోయి ఉంటాయి. నెగెటివ్‌లో కూడా ఎఫెక్ట్స్ కోసం వాడిన ఒక రకం ఫిల్ము 1990లకే బాగా వెలిసిపోయింది. 1997లో వాళ్ళు పూనుకోకపోతే ఇప్పుడు మనం ఇలా పోట్లాడుకోడానికి ఏమీ మిగిలేది కాదు. ఆ మాట కూడా అనుకోవాలి శేషూ.

శేషు_77

అనుకుంటాను తాతగారూ. తోక తొక్కడం తప్ప మిగతాదానికి దండం పెడతాను.

నిశిరాత్రి

నాకు అన్నిట్లోకీ నచ్చిన రీ-రిలీజ్ 'మెట్రోపొలిస్'. 1927లో బెర్లిన్‌లో మొదటిసారి వేశాక కత్తిరించేశారు, కత్తిరించిన ముక్కలు పోయాయి. 2008లో బ్యూనస్ ఎయిర్స్‌లోని ఒక మ్యూజియంలో 16 ఎం.ఎం. కాపీ దొరికింది. దాదాపు 25 నిమిషాల కొత్త భాగం. కానీ ఆ కాపీ చేసినప్పుడు పాత ప్రింటు మీద వానలా ఉన్న గీతలు కూడా బొమ్మలో భాగంగా అచ్చయిపోయాయి. ఫ్రేము అంచులు కూడా కొంత తెగిపోయాయి. 2010లో విడుదల చేసినప్పుడు ఏం చేశారో చూడండి. బాగుచెయ్యగలిగినంత చేసి, మిగతా గీతలు ఉంచేశారు. తెగిన అంచుల దగ్గర నలుపు వదిలేశారు. ఏ షాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడగానే తెలుస్తుంది. బొమ్మ మెరుగ్గా ఉన్న షాటు నుంచి గీతల షాటుకి మారినప్పుడల్లా, ఓహో ఇది ఎనభయ్యేళ్ళు ఎవరూ చూడని ముక్క అని ఒళ్ళు జలదరిస్తుంది.

కొత్తబిచ్చగాడు

అంటే కొన్ని మరకలు దిష్టిచుక్కల్లాంటివి. తుడిస్తే ముఖం బోసిపోతుంది.

వెయ్యికళ్ళు

నీ పేరు మార్చుకోవయ్యా, ఇంక కొత్తవాడివి కాదు.

తోకచుక్క

రాత్రి 4కె77 పెట్టుకుని కూర్చున్నాను. టై ఫైటర్లు వచ్చాయి. గదిలో దీపాలన్నీ ఆర్పేసి కళ్ళు చిట్లించి చూశాను. ఒకటి రెండుచోట్ల లీలగా ఉందేమో అనిపించింది, తేల్చుకోలేకపోయాను. మా తమ్ముడికి ఫోన్ చేసి, కవచం కాదట, చెత్త కప్పే గుడ్డట అని చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "మరి బ్యాటరీ?" అన్నాడు.

ఆప్టికల్ తాత

ఆ టేపు ఇంకా ఉందా నాయనా? ఉంటే పారెయ్యకు. దాన్ని మాత్రం ఎవరూ రిస్టోర్ చెయ్యరు.

తోకచుక్క

టేపు ఉంది తాతగారూ. ప్లేయరే లేదు.